కృషీవల వీరుడు కొమురం భీము

గోదావరి నదికి ఉత్తరమున, ప్రాణహితకు పడమట విస్తరించిన సీమలో మందమర్రి, బెల్లంపల్లి మున్నగు పట్టణములు బొగ్గు గనులకు పేరెన్నికగన్నవి. కోట్లకొలది సంవత్సరముల క్రిందట నేలలో పూడిపోయిన అడవులే అచ్చట బొగ్గు పొరలై నిలిచినవి. ఆ బొగ్గు దొరకు శిలలకు భూగర్భ శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దిలో గోండ్వానా శిలలని పేరు పెట్టిరి. గోండ్వానా యనగా గోండులు నివసించు సీమ. ఒకప్పుడు దక్షిణ అమెరికా, ఆఫ్రికా, భారతదేశము, ఆస్ట్రేలియా మున్నగునవి ఒక్కటిగా కలిసియుండిన మహాఖండమునకు సైతము శాస్త్రజ్ఞులు ఆ పేరునే పెట్టిరి. ఈ విధముగా గోండుల పేరు ప్రపంచమంతటను వ్యాపించినది. అయినను, తాము దున్నుకొను నాలుగెకరముల నేలపై తమ పేరు వ్రాసిన కాగితము మాత్రము వారిలో అనేకులకు చిరకాలము లభింపలేదు. ఆ అన్యాయము నెదిరించి, ఆ ప్రయత్నముననే ప్రాణము లర్పించిన కృషీవలుడు కొమురం భీము.

మందమర్రి నుండి రైలు మార్గము వెంట ఉత్తరముగా పోయినచో బెల్లంపల్లి దాటిన పిమ్మట ఆసిఫాబాదు రోడ్డు స్టేషను వచ్చును. ఆసిఫాబాదుకు సమీపమున సంకేపల్లి యను చిన్న గూడెము కలదు. 1901వ సంవత్సరమున భీము ఆ గూడెమున ఒక గోండు కుటుంబమున జన్మించెను. తండ్రి పేరు చిన్నూ. కొమురం అనునది వారి ఇంటిపేరు. నాడు ఆ ప్రాంతము నిజాము నవాబుల ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానమునకు చెందియుండెను. గూడెమున బడి లేదు. అడవియే భీమునకు బడి; తల్లిదండ్రుల వెంట పొలమునకు పోయి చేసిన పనియే చదువు. ఏ చెట్టు ఎప్పుడు పూచునో, ఏ నేల ఏ పైరునకు తగునో, ఏ మబ్బు వాన కురియునో బాల్యముననే అతడు తెలిసికొనెను.

అడవిలో నివసించు వారందరును వేటాడి బ్రదుకువారని కొందరు తలంతురు. గోండుల విషయమున అది సరికాదు. చాందా పట్టణము రాజధానిగా గోండు రాజులు 18వ శతాబ్ది మధ్యభాగము వరకు రాజ్యమేలిరి. వారు కట్టించిన కోటగోడలు నేటికిని చంద్రపూరులో కానవచ్చును. గోండులు ఎద్దులను పూన్చి నాగలితో దున్ని సేద్యము చేయుటలో ఆరితేరినవారు. నల్లరేగడి నేలలలో జొన్నలు, పత్తి పండింతురు. తేలిక నేలలలో చిరుధాన్యములు, నువ్వులు వేయుదురు. వారి పొరుగున కొండవాలులపై నివసించు కోలాములు నాగలి సాగని చోట్ల పోడు కొట్టి సేద్యము చేయుచుండెడివారు. కొత్త పంటను ముందుగా దేవతలకు సమర్పింపక గోండులు ముట్టరు. దీపావళి దినములలో గుస్సాడీ నృత్యము చేయుచు గూడెము నుండి గూడెమునకు పోయి ఆనందింతురు. వారి పండుగలన్నియు పంటలతో ముడివడియున్నవి.

అడవిని పొలముగా మార్చుట సామాన్యమైన పని కాదు. వేసవిలో పొదలను, చెట్లను నరికి ఎండబెట్టవలెను. ఎండిన కొమ్మలను కాల్చి, ఆ బూడిదను నేలపై చల్లవలెను. తొలకరి పడకముందే రాళ్లు ఏరి గట్టుగా పేర్చవలెను. మొదటి సంవత్సరము మొద్దుల నడుమనే విత్తనములు వేయుదురు. ఆ మొద్దులను పెకలించి, నాగలి సాఫీగా సాగునట్లు నేలను చదును చేయుటకు అనేక సంవత్సరములు పట్టును. పైరు ఎదిగినది మొదలు రేయింబవళ్లు మంచెపై కూర్చుండి కావలి కాయవలెను. లేనిచో రాత్రి అడవిపందులును దుప్పులును, పగలు పక్షులును పంటను మిగుల్పవు. చలిజ్వరము, పులి భయము ఉండనే యున్నవి. ఇట్టి కష్టమునకు ఓర్చి పండించిన ధాన్యము ఇల్లు చేరిన దినమే ఆ కుటుంబమునకు నిజమైన పండుగ.

తేలిక నేలలు కొన్ని పంటలు పండిన పిమ్మట సారము కోల్పోవును. అప్పుడు గోండులు ఆ నేలను కొన్నాళ్లు బీడు పెట్టి, మరియొక చోట సేద్యము చేసి, నేల తిరిగి బలము పుంజుకొనిన తరువాత దానికే మరలి వచ్చెడివారు. జనులు తక్కువగను, భూమి ఎక్కువగను ఉన్న కాలమున ఈ పద్ధతి వలన ఎవరికిని ఇబ్బంది కలుగలేదు. నేల ఎవరిదని అడుగువారు లేరు. ఎవరు సాగుచేసిన అది వారిదే. ఆ మాటకు గూడెము పెద్దలే సాక్షులు. కాగితములు, ముద్రలు అవసరము కాలేదు.

20వ శతాబ్ది ఆరంభమైన తరువాత పరిస్థితులు మారసాగెను. ప్రభుత్వము భూములను కొలిపించి లెక్కలలో చేర్చెను. పట్టా గలవాడే భూమికి యజమాని యను నియమము బలపడెను. పట్టా లేని భూమిని దున్నువాడు ఏటేట శిస్తు చెల్లించినను, దానికి శివాయి జమాబందీ యని పేరు. ఆ శిస్తు వలన అతనికి భూమిపై హక్కు ఏర్పడదు. బీడు పెట్టిన నేలలు ఎవరివియు కానట్లు లెక్కలలో కెక్కెను. 1920 దశకములో రైలు మార్గము ఈ సీమ గుండా సాగుటతో దూర ప్రాంతముల నుండి వ్యాపారులు, భూమిని కోరువారు అధికముగా రాజొచ్చిరి. వారికి చదువు వచ్చును. పట్వారీతో మాటాడుట తెలియును. కచేరీలో అర్జీ పెట్టుట తెలియును. గోండునకు నాగలి తప్ప మరేమియు తెలియదు. ఫలితముగా, తాతల నాడు చదును చేసిన పొలమునకు పరాయివాడు పట్టాదారు కాగా, దానిని దున్నిన గోండు కౌలుదారుగనో పాలేరుగనో మిగిలెను.

అదే కాలమున జంగ్లాతు శాఖ, అనగా అటవీ శాఖ, విశాలమైన అడవులకు హద్దులు నిర్ణయించి అచ్చట సేద్యమును నిషేధించెను. అడవులను కాపాడుట అవసరమే. అడవి లేనిచో వాన నీరు నిలువదు, వాగులు ఎండిపోవును, టేకు మున్నగు విలువగల కలప నశించును. కాని హద్దురాళ్లు పాతినప్పుడు ఆ హద్దుల లోపల అప్పటికే ఊళ్లు కలవనియు, పొలములు కలవనియు తగినంతగా విచారింపలేదు. పశువులు మేసిన పుల్లరి కట్టవలెను. కట్టెలు తెచ్చిన పన్ను కట్టవలెను. గుడిసెకు వాసములు కొట్టిన జరిమానా కట్టవలెను. ఆ పన్నులకు తోడు క్రింది ఉద్యోగుల లంచములు. ఇవ్వలేని వాని గుడిసె కాలెను, పంట పోయెను.

ఉత్తర అమెరికా ఖండములోని ప్రెయిరీ మైదానముల చరిత్రను దీనితో పోల్చి చూడదగును. 1862లో అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వము ఒక శాసనము చేసి, ఆ మైదానములలో ఇల్లు కట్టుకొని ఐదు సంవత్సరములు సేద్యము చేసినవానికి 160 ఎకరముల భూమిపై హక్కు నిచ్చెను. 1872లో కెనడా ప్రభుత్వము నిట్టి శాసనమునే చేసెను. అచ్చట నాగలి ముందు నడువగా కాగితము వెనుక నడచెను. అందువలననే గడ్డి మైదానములు గోధుమ పొలములుగా మారినవి. కాని ఆ మైదానములు అంతకుముందు నిర్జనములు కావు. అనాదిగా అచ్చట నివసించిన ఆదివాసులు తమ నేలను కోల్పోయిరి. ఒకరు క్రొత్తగా భూమిని పొందిరి, మరియొకరు పోగొట్టుకొనిరి. ఆదిలాబాదు అడవులలోనో, క్రొత్త నేలను సాగులోనికి తెచ్చినవాడును ఆదివాసియే, దానిని పోగొట్టుకొన్నవాడును ఆదివాసియే. భీము జీవితమును అర్థము చేసికొనుటకు ఈ భేదమును గుర్తించుట అవసరము.

భీము యౌవనమున అడుగిడునప్పటికే ఈ కష్టములు అతని ఇంటిని తాకెను. అటవీ ఉద్యోగులతో కలిగిన ఘర్షణలో తండ్రి చిన్నూ మరణించెనని గోండులు చెప్పుదురు. తండ్రిని కోల్పోయిన కుటుంబము సంకేపల్లిని విడిచి, కెరమెరి సమీపమున నున్న సర్దాపూరు చేరెను. అచ్చట బీడుగా పడియున్న నేలను బాగుచేసి సేద్యము ప్రారంభించిరి. పంట పండెను. కాని పంట చేతికి వచ్చు సమయమున సిద్దిఖు అనునతడు వచ్చి, ఆ భూమికి తాను పట్టాదారుననియు, పంట తనకే చెందుననియు పలికెను. మాట మాట పెరిగెను. ఆవేశమున భీము కొట్టిన దెబ్బకు అతడు నేలగూలి మరణించెను. మనుష్యుని చంపుట ఏ కారణము చేతనైనను మెచ్చదగినది కాదు. కాని ఒక సంవత్సరపు చెమటను ఒక్క మాటతో కాజేయుటకు వచ్చినప్పుడు, న్యాయము చెప్పించుకొనుటకు పోదగిన చోటు ఏదియు ఆ యువకునకు కానరాలేదు. ఆ రాత్రియే అతడు ఊరు విడిచి అడవులలో పడి పోయెను.

భీము కాలినడకను చాందా చేరెను. అచ్చట ఒక ముద్రణాలయమున పనికి కుదిరి, చదువను వ్రాయను నేర్చుకొనెనని చెప్పుదురు. గూడెమున నాగలి తప్ప ఎరుగని భీమునకు అక్షరములతో పరిచయము కలిగినది ఇచ్చటనే. తమ భూములను హరించినది కత్తి కాదనియు, కలమనియు అతడు గ్రహించుటకు ఈ పరిచయము తోడ్పడియుండును. అనంతరము అతడు దూరదేశమైన అస్సాము పోయి, తేయాకు తోటలలో కూలిగా నాలుగైదు సంవత్సరములు పనిచేసెను. మధ్య భారతమునకు చెందిన ఆదివాసులు వేలకొలదిగా ఆ తోటలలో శ్రమించుచుండెడివారు. తమ ఊళ్లలో భూమి పోయినవారే వారిలో అనేకులు. తన గూడెపు కష్టము తన గూడెమునకే పరిమితమైనది కాదని భీము అచ్చట తెలిసికొనెను. కూలీల ఆందోళనలో పాల్గొని చెరసాల పాలై, అచ్చట నుండి తప్పించుకొని తిరిగి స్వదేశము చేరెను.

తిరిగి వచ్చిన భీము కాకన్‌ఘాట్ అను గ్రామమున లచ్చు పటేలు అను గోండు పెద్ద వద్ద పనికి కుదిరెను. పగలంతయు పొలము పని చేయును. అవసరమైనప్పుడు పటేలు భూమి వ్యవహారములను చూచును. ఆ భూమిని గురించి వివాదము కలిగినప్పుడు భీము తన చదువును, లోకానుభవమును వినియోగించి పటేలునకు తోడ్పడెను. ఈ విషయము చుట్టుప్రక్కల గూడెములకు ప్రాకెను. కాగితము చదువగలవాడు, కచేరీ మెట్లు ఎక్కుటకు జంకనివాడు తమలో ఒకడు కలడని గోండులు సంతోషించిరి. లచ్చు పటేలే పూనుకొని అతనికి వివాహము చేయించెను.

ఆ తరువాత భీము తన పినతండ్రులతో కూడ కొండల నడుమ నున్న బాబేఝరి ప్రాంతము చేరెను. అది కెరమెరికి సమీపమున, ఎత్తైన కొండలు, దట్టమైన అడవులు గల చోటు. బాబేఝరి, జోడెఘాట్, పట్నాపూర్, శివగూడ మున్నగు పండ్రెండు గూడెములలో గోండులును కోలాములును అడవిని చదును చేసి పొలములు ఏర్పరచుకొనిరి. భూములు పోగొట్టుకొని దిక్కులేక తిరుగుచుండిన కుటుంబములు ఒక్కొక్కటిగా అచ్చటికి చేరెను. మొద్దులు తీసినచోట నాగళ్లు సాగెను. రాళ్లు ఏరినచోట జొన్నకంకులు తలలూచెను. ఆ పండ్రెండు గూడెములు పరుల దయ మీద కాక తమ కష్టము మీద బ్రతుకజూచిన కృషీవలుల ఊళ్లు. భీము వారికి నాయకుడయ్యెను. అధికారము చేత కాదు. అందరితో పాటు గొడ్డలి పట్టి, నాగలి పట్టి, కావలి కాసి అతడు నాయకుడయ్యెను.

అడవి హద్దులలోపల ఊళ్లు వెలసినవను వార్త అధికారులకు అందెను. ఉద్యోగులు వచ్చి గూడెములను ఖాళీ చేయుడని శాసించిరి. గుడిసెలను తగులబెట్టిరి. గోండులు మరల కట్టుకొనిరి. పైరులను పాడుచేసిరి. గోండులు మరల విత్తిరి. భీము మొదటనే ఆయుధము పట్టలేదు. తమ భూములకు పట్టాలిమ్మని అర్జీలు పెట్టించెను. వానికి ఫలము కలుగకపోగా, ప్రభువునకే తమ కష్టమును విన్నవించుకొందమని హైదరాబాదు పోయెను. నిజాము దర్శనము లభింపలేదు. కొండల నుండి నడచిపోయిన వాడు రాజధాని వీధులలో తిరిగి తిరిగి, వట్టి చేతులతో మరలివచ్చెను. వినవలసినవారు వినినచో, ఆ తరువాతి రక్తపాతము జరిగియుండెడిది కాదేమో!

హైదరాబాదు నుండి మరలిన భీము పండ్రెండు గూడెముల పెద్దలను సమావేశపరచెను. ఇక తమ నేలను తామే కాపాడుకొనవలెనని నిశ్చయించిరి. నీటిపైన, అడవిపైన, భూమిపైన తమకే హక్కు కలదను భావము ఆ ఉద్యమమునకు ప్రాణము. జల్, జంగల్, జమీన్ అను మూడు మాటలుగా అది నేటికిని భీము పేరుతో ముడివడియున్నది. గోండు, కోలాము యువకులు విల్లంబులు, గొడ్డళ్లు, కొద్దిపాటి నాటు తుపాకులు చేతబట్టి కొండ దారులకు కావలి కాసిరి. వారిని లొంగదీయుటకు వచ్చిన ఉద్యోగులు, పోలీసులు పలుమారులు వెనుదిరుగవలసివచ్చెను.

కడకు ప్రభుత్వము రాయబారము పంపెననియు, సాగుచేసికొనుచున్న భూములకు పట్టాలిత్తుమని చెప్పించెననియు గోండుల కథనము. భీము దానితో తృప్తిచెందలేదు. పండ్రెండు గూడెముల పాలన తమకే విడువవలెనని కోరెను. ఆ కోరిక అత్యాశగా నాటి అధికారులకు తోచెను. కాని దాని అంతరార్థము తేలికగా గ్రహింపవచ్చును. పట్టా ఒక కాగితము. కాగితమును ఇచ్చు అధికారము ఎవరి చేతిలో నుండునో, దానిని తీసికొను అధికారమును వారి చేతిలోనే యుండును. నీరు, మేత, కట్టె, దారి ఇతరుల అదుపులో నున్నంతకాలము, పొలము మాత్రము తనదైనను రైతు బ్రతుకు నిలువదు. దీనిని భీము తన తండ్రి కాలము నుండియు కన్నులార చూచుచుండెను.

1940వ సంవత్సరమున సాయుధులైన పోలీసులు పెద్ద సంఖ్యలో జోడెఘాట్ కొండలను చుట్టుముట్టిరి. వెన్నెల తెల్లగా కాయుచున్న ఆశ్వయుజ పౌర్ణమి రాత్రి అది యని పెద్దలు చెప్పుదురు. తుపాకుల ముందు విల్లంబులు ఎంతసేపు నిలుచును? భీము తుపాకి గుండ్లకు గురియై నేలకొరిగెను. అతని సహచరులు పలువురు అతనితో పాటు మరణించిరి. అనేకులు గాయపడిరి, అనేకులు చెరసాల పాలైరి. కొంతకాలము ఆ గూడెములలో పొయ్యి రాజలేదు. భీమునకు నాటికి నలువది ఏండ్లు నిండి నిండని వయస్సు.

అధికారుల లెక్కలో ఆ దినముతో తిరుగుబాటు ముగిసెను. కాని అసలు ప్రశ్న ముగియలేదు. ఆలుబిడ్డలు గల రైతులు, పంట తప్ప మరియొక ఆశ లేనివారు, చావుకు తెగించి ఎందుకు తిరుగబడిరి? హైదరాబాదు ప్రభుత్వమే ఈ ప్రశ్న వేసికొనవలసివచ్చెను. అప్పటికి హైదరాబాదు సంస్థానమున గిరిజనులను గూర్చి పరిశోధించుచున్న ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాదు గోండుల నడుమ నివసించి వారి స్థితిగతులను పరిశీలించెను. మార్లవాయి గ్రామమున గుడిసె వేసికొని, గోండీ భాష నేర్చుకొని, వారితో కలిసిమెలిసి యుండెను. గోండుల అశాంతికి మూలము దుష్టస్వభావము కాదనియు, భూమి పోవుటయే యనియు అతడు ప్రభుత్వమునకు తెలిపెను. దున్నువానికి భూమిపై హక్కు ఇచ్చుట, చదువు చెప్పించుట అను రెండు మార్గములను సూచించెను.

ఆ సూచనలను అనుసరించి 1940 దశకమున వేలకొలది గోండు, కోలాము కుటుంబములకు లక్షకు పైగా ఎకరముల భూమికి పట్టాలు లభించెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు కేంద్రము వెలసెను. గోండీ భాషలో వాచకములు తయారయ్యెను. 1946లో గిరిజన ప్రాంతముల కొరకు ప్రత్యేక శాసనము వచ్చెను. భీము అర్జీలతో తిరిగి సాధింపలేనిది అతని మరణానంతరము ఈ విధముగా కొంతవరకు నెరవేరెను. హైమెన్‌డార్ఫ్ కృషి కొనియాడదగినదే. కాని జోడెఘాట్‌లో చిందిన రక్తమే ప్రభుత్వమును ఆ మాటలు వినునట్లు చేసెననుట మరువరాదు.

1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైనది. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము, తన ఐదవ షెడ్యూలు ద్వారా గిరిజన ప్రాంతములకు ప్రత్యేక రక్షణ కల్పించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1959లో చేసిన భూమి బదలాయింపు నిబంధన 1963లో తెలంగాణ ప్రాంతమునకు విస్తరించినది. 1970లో దానిని మరింత కట్టుదిట్టము చేసిరి. ప్రజలు దానిని ఒకటి డెబ్బది చట్టమని పిలుతురు. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనేతరులు భూమిని కొనరాదనుట దాని సారాంశము. మందమర్రి సైతము షెడ్యూల్డు ప్రాంతముననే యున్నది. గని కార్మికులతో, అంగళ్లతో, పాఠశాలలతో కిటకిటలాడు ఆ పట్టణమున భూమిని కొనుట, అమ్ముట అను విషయము వచ్చినప్పుడెల్ల ఈ చట్టము చర్చకు వచ్చును. ఒకప్పటి గోండు రైతుల కన్నీళ్లే ఆ చట్టములోని అక్షరములైనవి.

అయినను చట్టము వ్రాసినంత మాత్రమున న్యాయము చేకూరదు. 1981 ఏప్రిల్ 20వ తేదీన ఇంద్రవెల్లిలో భూమి మున్నగు తమ సమస్యలను చెప్పుకొనుటకు సమావేశమగుచున్న గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపిరి, ప్రాణనష్టము కలిగెను. జోడెఘాట్ నాటి ప్రశ్న నలుబది సంవత్సరముల తరువాతను పూర్తిగా తీరలేదని ఆ దుర్ఘటన చాటినది. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టమును ఆమోదించినది. 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వము నుండి అటవీ భూమిని సాగుచేసికొనుచున్న గిరిజన కుటుంబమునకు నాలుగు హెక్టారులకు మించకుండ హక్కుపత్రము ఇయ్యవచ్చునని ఆ చట్టము చెప్పుచున్నది. అడవి హద్దులలోపల నాగలి పట్టినవాడు దొంగ కాడని, హక్కుదారు కాగలడని దేశమంతటికిని వర్తించు శాసనము ఒప్పుకొనుటకు భీము మరణము తరువాత అరువదియారు సంవత్సరములు పట్టినది.

భీము పేరు నేడు చిరస్థాయిగా నిలిచియున్నది. ఆసిఫాబాదు సమీపమున పెద్దవాగుపై నిర్మించిన జలాశయమునకు అతని పేరు పెట్టిరి. నీటిపై హక్కును కోరిన వాని పేరు పొలములకు నీరిచ్చు జలాశయమునకు పెట్టుట ఉచితమే. హైదరాబాదు నగరమున ట్యాంకుబండుపై అతని విగ్రహము నిలిచినది. 2016లో ఆదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలుగా విభజింపబడినప్పుడు ఆసిఫాబాదు కేంద్రముగా ఏర్పడిన జిల్లాకు కొమురం భీము ఆసిఫాబాదు జిల్లా యని నామకరణము చేసిరి. జోడెఘాట్‌లో స్మారక చిహ్నమును, గిరిజన జీవితమును చూపు ప్రదర్శనశాలను నిర్మించిరి. ప్రతి సంవత్సరము ఆశ్వయుజ పౌర్ణమి నాడు గోండులు, కోలాములు వేలాదిగా జోడెఘాట్ చేరి, తమ సంప్రదాయము ప్రకారము భీమునకు నివాళులర్పింతురు.

భీమును యోధుడుగా చిత్రించు బొమ్మలే లోకమున ఎక్కువ. చేత తుపాకి గల ఆ రూపము అసత్యము కాదు. కాని అతడు తుపాకి పట్టిన కాలము స్వల్పము. గొడ్డలి, నాగలి పట్టిన కాలము అధికము. మొద్దులు పెకలించి, రాళ్లు ఏరి, బీడును పొలముగా మార్చి, అన్నము లేనివారికి అన్నము దొరకు దారి చూపుటయే అతడు కోరిన జీవితము. ఆ జీవితమును ప్రశాంతముగా సాగనిచ్చియున్నచో అతడు జోడెఘాట్‌లో ముదుసలియై, మనుమలకు విత్తనములను ఏరుట నేర్పుచు కాలము గడపియుండెడివాడు. అతనిని యోధుని గావించినది అతని స్వభావము కాదు, అతనికి జరిగిన అన్యాయము.

అతని జీవితము విద్యార్థులకు రెండు విషయములను బోధించుచున్నది. చెమటోడ్చి నేలను పండించువాని హక్కును గౌరవింపని రాజ్యము ఎంత బలమైనదైనను నిలువదనుట మొదటిది. కష్టము చేయు చేతికి అక్షరమును తోడైననే ఆ కష్టఫలము దక్కుననుట రెండవది. తమ గూడెములో బడి లేకపోయినను, దూరపు పట్టణములో కూలిపని చేయుచు అక్షరములు నేర్చుకొనిన భీము, నేడు బడి ముంగిటనే గల బాలబాలికలకు ఆదర్శప్రాయుడు. నాగలి పట్టిన చేయి కలమును పట్టగలిగిన నాడు, ఆ రైతు పొలమును అతని నుండి అపహరించుట ఎవరికిని సాధ్యము కాదు.